నలభై వీపుల మీద పేరు

అద్దంకిలో కుట్టుమిషన్ పెట్టి పన్నెండేళ్లయినా సిద్దికా పేరు ఆ సందు దాటలేదు. పేపర్లో యాడ్ ఇచ్చే స్తోమత లేదు. అందుకే ఈసారి మిరప కోతలకు వెళ్లే నలభైమంది ఆడకూలీలకు, చీర మీద తొడుక్కునే చొక్కాలు ఉచితంగా కుట్టి పంచి, విలేఖరిని పొలానికే పిలిపించింది.

అతను రాగానే గట్టున కట్టిన టైలర్ కొట్టు బ్యానర్ చూసి పెదవి విరిచాడు. "కొట్టు పేరుంటే ఫోటో వెయ్యరండీ. తీసెయ్యండి."

సిద్దికాకు ఒళ్లు మండింది. బ్యానర్ చుట్టి గట్టు మీద పడేసి, "కోటేశ్వరీ, అందర్నీ ఇటు తిరగమనవే!" అని కేకేసింది.

"మాకు కిలోల లెక్కక్కా! కోత ఆపితే కూలి నువ్విస్తావా?" అంది కూలీల మేస్త్రి కోటేశ్వరి, తలైనా ఎత్తకుండా.

విలేఖరి విసుక్కుంటూ, హడావిడిగా వెనకనుంచే ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

తెల్లారి పేపర్ విప్పగానే సిద్దికా ఎగిరి గంతేసింది. బ్యానర్ తీయించిన మనిషి వీపుల సంగతే చూసుకోలేదు! వంగిన ప్రతి వీపు మీదా తను కుట్టిన పెద్ద పెద్ద అక్షరాలు: 'సిద్దికా టైలర్స్, అద్దంకి'.

పొద్దెక్కాక ఫోన్ మోగింది. కోటేశ్వరి.

"పేపర్లో పడ్డామని ఊరంతా చూపించానక్కా. నీ పేరు నలభైసార్లుంది. మా మొహం ఒక్కటీ లేదేంటి?"