నాన్న గురించి రాసిన ఇంగ్లీషు వాక్యం

నా చిన్నప్పుడు మా నాన్నని నిద్రలో చూసిందే ఎక్కువ. ఆయన పోర్టులో కళాసీ. ఓడలకి ఇనుప ఖనిజం ఎత్తే గ్యాంగులో పని. ఎప్పుడూ రాత్రి షిఫ్టే పడేది. పొద్దున్నే వచ్చి, గంజి తాగి, చాప మీద వాలితే సాయంత్రం దాకా లేచేవాడు కాదు. మాది ఒంటిగది ఇల్లు. నోరెత్తి మాట్లాడుకోవడానికి లేదు. ఎదురింటి వాళ్ళ నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్తుంటే నాకు ఒళ్ళు మండేది.

ఆరో తరగతిలో మాస్టారు 'లోఫర్' అంటే పనీపాటా లేని సోమరి అని చెప్పి, ఆ మాటతో సొంత వాక్యం రాసుకు రమ్మన్నారు. నేను క్షణం ఆలోచించకుండా, మా నాన్న లోఫర్ అని ఇంగ్లీషులో రాసేశాను.

ఆ సాయంత్రం నాన్న నా పక్కన కూర్చుని నోట్సు చూశాడు. ఆయనకి అక్షరం ముక్క రాదు.

"ఏటి రాసినావమ్మా?"

"నీ గురించే" అని నోరు జారాను. ఆయన మొహం వెలిగిపోయింది. టీచరు ట్రైనింగు చదువుతున్న పక్కింటి అక్కని పిలిచి చదవమన్నాడు.

అక్క ఆ పేజీ చూసింది, నన్ను చూసింది. "మా నాన్న మా కోసం శానా కట్టపడతన్నాడు అని రాసింది బాబాయ్."

నాన్న నోట్సు మూసి నా చేతికిచ్చాడు. "పిల్లకి తెలిసిందన్నమాట" అని షిఫ్టుకి బయల్దేరాడు.

మర్నాడు అక్క నన్ను కొళాయి దగ్గరికి తీసుకెళ్ళి, నాన్న విడిచిన చొక్కా చేతికిచ్చింది. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకమంది. నాలుగు బకెట్లు పారబోసినా ఖనిజం దుమ్ముతో ఎర్రటి నీళ్ళే. నా వేళ్ళు ఒరుసుకుపోయాయి.

అక్క తిట్టలేదు. "ఊరూరా తిరిగే దిమ్మరి అని అర్థమొచ్చే ఏదో పాత మాట నుంచి ఆ లోఫర్ అన్న మాట పుట్టిందంటారు. గట్టిగా ఎవలికీ తెల్దు. మీ నాన్నా ఊరొదిలే వచ్చినాడు. తిరగడానికి కాదు, మీకు కూడెట్టడానికి. పోర్టులో గ్యాంగు మేస్త్రీ రోజూ ఆయన్ని ఆ మాటే అంటాడు. నీ నోట కూడా ఇనాలేటి?"

ఇంటికొచ్చి ఆ పేజీ చింపేశాను. అక్క చదివిన వాక్యాన్ని ఆమె చేతే ఇంగ్లీషులో రాయించుకుని మాస్టారికి చూపించాను. నాన్న మాత్రం ఇంటికి ఎవరొచ్చినా నా చేత అది చదివించి మురిసిపోయేవాడు. నాకది శిక్షలా ఉండేది.

తర్వాత నేనూ నర్సునై ముప్ఫై ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేశాను. పగటి నిద్ర ఎంత పలచనో, లేచాక ఒళ్ళు ఎంత బరువో తెలిసింది. ఇప్పటికీ పట్టపగలు ఎవరైనా పడుకుని ఉంటే ఎందుకని అడగను, తలుపు మెల్లగా దగ్గరికి వేస్తాను. ఆ రోజుల్లో నాన్నకి నిజం చెప్పి తప్పు ఒప్పుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. ఆయన లేచాక చెబుదామని ఆగేదాన్ని. లేచేసరికి షిఫ్టుకి వేళయ్యేది.