కాఫీ లేని నెలలకూ అద్దె కట్టాలట

మా అరకు ఆడవాళ్ల కాఫీ గింజలను దళారీ లేకుండా అమ్ముదామని వెబ్‌సైట్ పెడుతున్నాను కదా. అందులో కార్డుతో డబ్బు కట్టించుకోవడానికి ఏ కంపెనీ ఎంత తీసుకుంటుందో ఈ రోజంతా పోల్చి చూశాను. ఒక కంపెనీ కమీషన్ అన్నిటికంటే తక్కువ. తీరా ఫోన్ చేస్తే, ప్రతి నెలా అద్దె కూడా ఉందన్నాడు అక్కడి ఉద్యోగి.

"మాది చలికాలం పంటండీ. వేసవి దాటితే అమ్మడానికి ఏమీ మిగలదు" అన్నాను.

"ఆ నెలల్లో ఇంకేదైనా అమ్ముకోండి మేడమ్. టీ పొడి ట్రై చెయ్యండి."

ఒళ్లు మండిపోయింది. నాకు గింజలు ఇస్తానన్న లచ్చిమి పక్కనే కూర్చుని ఉంది. ఏమన్నాడని అడిగితే చెప్పాను.

"పంట లేనప్పుడు దళారీ కూడా మా గుమ్మం తొక్కడప్పా. ఈడేటి, ఊరికే కూసున్నా ఒసూలు సేత్తాడా?" అంది.

దళారీని తప్పిస్తానని చెప్పి ఇంకొకణ్ని తెచ్చిపెడుతున్నానా అన్న అనుమానం అప్పటి నుంచీ వదలడం లేదు. అమ్మినప్పుడు మాత్రమే కమీషన్ తీసుకునే కంపెనీ మీకు తెలిస్తే శుక్రవారం సంతలోగా చెప్పండి. లేదంటే ఆ రోజు లచ్చిమి గింజలు పాత దళారీ కాటా ఎక్కుతుంటే వద్దనడానికి నాకు నోరుండదు.