ఏడాదికొక రోజు శత్రువులు

డిసెంబరు ఇరవై ఆరున గోబ్నెట్ తన మొగుడు మురిష్‌తో మాట్లాడదు. మిగతా రోజుల్లో ఇద్దరూ ఒకే కప్పులో టీ తాగేంత అన్యోన్యం. ఆ ఒక్కరోజు మాత్రం ఆవిడ మిట్టవీధి పిల్ల, ఆయన రేవువీధి కుర్రాడు. కెర్రీ తీరంలో పెళ్లి ఇంటిపేరును మారుస్తుంది, వంటను మారుస్తుంది. క్రిస్మస్ మర్నాడు వచ్చే స్టీఫెన్ పండుగనాడు ఏ వీధి జెండా వెనక నడవాలన్నది మాత్రం మార్చలేదు.

ఆరోజు డబ్లిన్ జనం తగ్గింపు ధరల దుకాణాల ముందు బారులు తీరుతారు, లేదంటే గుర్రప్పందేలకు పోతారు. ఈ ఊళ్లో వీధికో దండు గడ్డి చొక్కాలు తొడిగి, ముఖాలు గడ్డి టోపీల్లో దాచుకుని, డప్పులతో ఇల్లిల్లూ తిరిగి చందాలు వసూలు చేస్తుంది. కర్రకు కట్టిన రెన్ పిట్ట ముందు నడుస్తుంది. ఎందుకంటే, దాక్కున్న పునీత స్టీఫెన్‌ను కూసి శత్రువులకు పట్టించింది ఆ పిట్టేనంటారు పాదిరిగారు. మనవాళ్లు చప్పుడు లేకుండా దాడికి పోతుంటే డప్పు మీద పొడిచి, నిద్రపోతున్న శత్రువుల్ని లేపిందంటారు దేశభక్తులు. బొటనవేలంత పిట్ట మీద ఇన్ని నేరాలు మోపేకంటే, నడి చలికాలంలో జనానికి గంతులేయడానికో సాకు కావలసివచ్చిందనుకోవడం సబబు. ఇప్పుడు పిట్టా చెక్కదే. వసూలైనది కూడా వెనకటిలా సారాకు కాక, సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే పడవకు పోతోంది.

ఆ ఏడు రేవువీధిలో పిల్లనగ్రోవి ఊదేవాళ్లందరూ ఫ్లూతో మంచమెక్కారు. దండు పెద్ద టైగ్ పొద్దున్నే గోబ్నెట్ వంటింట్లో వాలాడు.

"వదినా, నువ్వు ఊదకపోతే మా దండు కదలదు. ఉత్త డప్పుతో వెళితే దండోరా అనుకుంటారు."

"అనుకోనీ. మా షోసవ్ అన్నకు తెలిస్తే నన్నింక మా వీధి దండులో నిలబడనివ్వడు."

"మీవాళ్లకు ఊదేవాళ్లు బోలెడుమంది. జ్వరమని కబురుపెట్టు. గడ్డిలో ఎవరున్నారో ఎవరికి తెలుస్తుంది?"

"ఈ ఊళ్లో నా దగ్గు విని నన్ను పోల్చుకుంటారయ్యా!"

తాతల నాటినుంచీ ఆగని దండు ఆగబోతోంది. మురిష్ చల్లారిన టర్కీ ముక్క నమలకుండా బుగ్గన పెట్టుకుని కూర్చున్నాడు. ఆ బుగ్గ చూడలేకపోయింది గోబ్నెట్.

"ఆ గడ్డి టోపీ ఇలా పడెయ్."

మురిష్ మాట్లాడకుండా కత్తెర తెచ్చి, టోపీలో నోటి దగ్గర కంత చేశాడు.

దండు కదిలింది. వంతెన దగ్గర మిట్టవీధి ఎదురైంది. రెండు దండులూ ఎవరి పాట వాళ్లు హోరెత్తించాయి. పుట్టినవీధి పాట చెవిన పడగానే గోబ్నెట్ వేళ్లు ఆవిడ మాట వినడం మానేశాయి. వంటింట్లో ఏళ్లతరబడి అదే పాట విన్న మురిష్ డప్పు, ఆయన తేరుకునేలోపే దరువందుకుంది. రేవువీధంతా శత్రువు పాటకు గంతులేసింది.

షోసవ్ వచ్చి ఆ గడ్డిమనిషి ముందు నిలబడ్డాడు. టోపీ ఎత్తడం ఆ ఊళ్లో మనిషన్నవాడు చేసే పని కాదు.

"ఎవరమ్మా నువ్వు? మా చెల్లికి జ్వరమట. దానికంటే నువ్వే నయం. మా దండులోకి వచ్చెయ్."

"మా మనిషి, ముట్టుకోకు," అన్నాడు టైగ్.

"మీ మనిషైతే మా పాటెందుకు ఊదుతోంది?"

"మీ పాటైతే మా డప్పెందుకు కొడుతోంది? ఏరా మురిష్?"

"నన్నడక్కండి. ఇవాళ మా ఇంట్లో మాటల్లేవు."

గడ్డి చొక్కాలన్నీ నవ్వుతో గలగలా ఊగాయి. నవ్వు ఆపుకుని గోబ్నెట్ పిల్లనగ్రోవి ఎత్తి ఈసారి రేవువీధి పాట అందుకుంది. షోసవ్ కాసేపు బెట్టుచేశాడు. తర్వాత, ఎవరూ చూడటంలేదనుకుని, కాలు కదిపాడు.