నలభయ్యే బావా

నా చిన్నప్పుడు మా ఊళ్ళో జ్వరమంటే నూరు దాటాలి. విడవలూరు నుంచి వచ్చే కాంపౌండరు నూట ఒకటి అంటే మాత్రలిచ్చేవాడు, నూట మూడు అంటే సూది వేసేవాడు. అది ఫారెన్‌హీట్ లెక్క అని మాకెవరికీ తెలియదు. వేడికి ఇంకో లెక్క ఉంటుందనీ తెలియదు.

నాన్న పోయాక అమ్మ, నేను, తమ్ముడు పెదనాన్న ఇంట్లోనే ఉండేవాళ్ళం. పొలం, ఎద్దులు, బండి అన్నీ ఆయనవే. ఇంట్లో చెల్లే మాట కూడా ఆయనదే. మద్రాసు ఓడరేవులో పనిచేసే స్నేహితుడొకడు ఆయనకు విదేశీ థర్మామీటరు తెచ్చిచ్చాడు. దాన్ని కలంలా జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

తమ్ముడు అప్పుడప్పుడే మాటలు నేరుస్తున్నాడు. ఒకరోజు తెల్లవారేసరికి వాడి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. కళ్ళు తేలవేస్తున్నాడు. బండి కట్టించమని అమ్మ పెదనాన్నను బతిమాలింది. ఆయన వాడి చంకలో థర్మామీటరు పెట్టి చూసి నవ్వాడు.

"నలభయ్యే ఉండాది. నూరు దాటితే గదా జ్వరం! నాట్లప్పుడు ఎద్దుల్ని యాడ తెచ్చేది?"

అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని గట్ల వెంట నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళింది. ప్రాణమైతే దక్కింది. మెదడుకు ఎక్కిన ఆ జ్వరం వాడి చెవులు తీసుకుపోయింది. వచ్చిన నాలుగు మాటలూ కూడా పోయాయి, 'అమ్మ' అనే మాటతో సహా.

కొన్నేళ్ళకు బళ్ళో మా అయ్యవారు వేడిని కొలిచే పద్ధతులు చెప్పారు. నీళ్ళు గడ్డకట్టే చోటు ఒక లెక్కలో సున్నా, ఇంకో లెక్కలో ముప్పై రెండు. సెంటీగ్రేడ్ అన్నా సెల్సియస్ అన్నా ఒకటేనన్నారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే లెక్క చెప్పగానే నేను పలక మీద నలభై వేసి మార్చాను. నూట నాలుగు వచ్చింది. తప్పు చేశానేమోనని చెరిపి మళ్ళీ వేశాను. మళ్ళీ అదే.

ఇంటికి పరుగెత్తుకొచ్చి అమ్మకు చెప్పాను. బియ్యం చెరుగుతున్న చేట ఆగిపోయింది. "ఎవురికీ చెప్పబాక" అంది.

ఆ ఏడు వానల్లో పెదనాన్నకు జ్వరం తగిలింది. పెద్దమ్మ కోట అనే ఊళ్ళో కూతురి దగ్గరుంది. తెల్లవారుతూనే అమ్మ ఆయన ఒళ్ళు తాకి చూసి, పెరట్లోకి వెళ్ళి వచ్చింది. తర్వాత ఆ థర్మామీటరే తీసి ఆయన చంకలో పెట్టింది.

"ఎంతుండాదమ్మా?"

"నలభయ్యే బావా. నూరు దాటలా."

"కాలిపోతాండానమ్మా. బండి కట్టించు."

"నలభైకి బండెందుకు బావా? ఎద్దులు పొలంలో ఉండాయి."

అమ్మ గొంతు పెంచలేదు. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, ఆయన అడిగిన ప్రతిసారీ అదే మాట చెప్పింది. ఆయన మూలిగాడు, వణికాడు, ఏడ్చాడు. నేను గడప దగ్గర నిలబడి, ఇంకా కాలనీ అనుకున్నాను. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగదు.

ఇంకా పొద్దు నడినెత్తికి రాకముందే వాకిట్లో మా బండి ఆగింది. డాక్టరు దిగారు. తెల్లవారి పెరట్లోకి వెళ్ళినప్పుడే అమ్మ పాలేరును బండితో పంపేసిందని నాకప్పుడు అర్థమైంది.

డాక్టరు థర్మామీటరు చూసి, "ఇది సెంటీగ్రేడ్‌ది. నలభై అంటే మన లెక్కలో నూట నాలుగు. చిన్న జ్వరమా ఇది!" అన్నారు.

పెదనాన్న అమ్మ ముఖం చూశాడు. అమ్మ చూపు తిప్పుకోలేదు. ఆయన మెల్లగా తల తిప్పి, గోడవారగా గోలీలాడుతున్న తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. వాడు తిరగలేదు.

సాయంత్రం నేను అమ్మతో పోట్లాడాను. "డాక్టర్ని ఎందుకు పిలిపించినావు? పోనీయాల్సింది!"

"సచ్చిపోతే ఆయనకేం తెలస్తాది?" అంది అమ్మ. "బతకాల. రోజూ వాణ్ణి చూస్తా బతకాల."

పెదనాన్న చాలా ఏళ్ళు బతికాడు. తమ్ముడు ఎదురొస్తే తల దించుకుని వేరే గట్టు ఎక్కేవాడు. అమ్మ మాత్రం ఆయనకు రోజూ తమ్ముడి చేతే అన్నం పంపేది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. నన్ను ఏడిపించినవాళ్ళు నా బతుకులోనూ ఉన్నారు. వాళ్ళకు నేనెప్పుడూ చావు కోరలేదు. దేవుడి ముందు నిలబడి వాళ్ళకు దీర్ఘాయుష్షే అడుగుతాను. అది నా మంచితనం అనుకుంటారు మా పిల్లలు.