సీసాలో సముద్రపు నత్త

నా చిన్నప్పుడు ఒక వేసవి సెలవులంతా ఆళ్లగడ్డలో మా నాయన కిరాణా అంగట్లో బందీగా గడిపాను. వీధిలో నా నోరు ఎక్కువైందని బస్తాల మధ్య, గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టారు.

అప్పుడే పక్కింటి అక్క విశాఖపట్నం చూసి, నంద్యాలలో రైలు దిగి వచ్చింది. సముద్రం ఒడ్డున బండల మీద ఏరానంటూ చింతగింజంత గుల్ల ఒకటి చూపించింది. బూడిద రంగు, బొంగరంలా చుట్లు. ఒక పప్పుండ అడిగింది. అంచు విరిగిందని వంక పెట్టి సగం పప్పుండకే కొట్టేశాను. అంత గొప్ప బేరగత్తెను. సీసాలో వేసి, మూత బిగించి, వచ్చిన పిల్లలందరికీ చూపించి మురిసిపోయాను.

ఒక పొద్దున చూస్తే గుల్ల అడుగున లేదు. పైన, మూత కింద గాజుకు అతుక్కుని ఉంది. మా అవ్వ దాన్ని ఊడదీసి తిరగేసింది. నోటికి అడ్డంగా చేప పొలుసులాంటి పలుచని బిళ్ల.

“ఉత్త గుల్లకు తలుపు యాడుంటాదే? ఇది నత్త. మన వరిమళ్లలోవి ఎండలకు ఇట్లనే మూసుకుంటాయి. పానముంది.”

ఇక అది చస్తే నా సీసాలోనే చావాలి. సముద్రం ఎటువైపో కూడా తెలియని ఊళ్లో నాకే ఊపిరాడనట్టయింది.

అవ్వ పళ్లెంలో నీళ్లు పోసి, రాళ్లుప్పు కరిగించి, నత్తను అందులో పెట్టింది. తలుపు తెరుచుకోలేదు. నేను గుండుసూది తీస్తే చేయి పట్టుకుంది.

“గెలికితే ఇంకా బిగుసుకుంటాది. నోరు మూసుకోని కూచో.”

అంత పెద్ద శిక్ష నాకెవరూ వేయలేదు. చాలాసేపటికి వెంట్రుకల్లాంటి రెండు కొమ్ములు బయటికొచ్చాయి. నత్త మెల్లగా పాకి, నీళ్లు వదిలి, పళ్లెం అంచెక్కింది. తను ఏరింది కూడా నీళ్లలో కాదనీ, అలల తుంపర మాత్రమే తగిలే బండ మీదనీ, చూడవచ్చిన పక్కింటి అక్క అప్పుడు చెప్పింది.

మా వీధిలో చెక్కిన రాతి విగ్రహం ఒకటి విశాఖకు లారీలో పోతోంది. నత్తను సముద్రం ఒడ్డున వదలమని డ్రైవరన్న వెంటపడ్డాను.

“విగ్రహానికెంత బాడుగో దీనికీ అంతే పాపా.”

“ఇదేం అంత బరువుంటాదా అన్నా?” అని ఏడుస్తూనే బేరమాడాను. నవ్వి, మూతకు బెజ్జాలు పొడిచి, తడిగుడ్డ వేసి సీసా తీసుకెళ్లాడు.

తిరిగొచ్చినప్పుడు “ఇడిసినావా అన్నా?” అని అడిగాను. టైరు తడుముతూ “ఆ, ఇడిసినాలే” అన్నాడు. మొహం చూపలేదు. రెండోసారి అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు మనవరాలు అలిగి గది గడియ వేసుకుంటే నేను తలుపు కొట్టను. బయట పీట వేసుకుని కూర్చుంటాను. అంతసేపు నోరు మూసుకోవడం మాత్రం నాకు ఈనాటికీ శిక్షే.