పాస్టరుగారికి కన్నీళ్లు తెప్పించిన బొగ్గు

డెబ్బైల్లో కొత్త కోడలిగా తిరువూరు వచ్చాను. మా పుట్టిల్లు బొగ్గుగనుల ఊరు. అక్కడ రాక్షసిబొగ్గు కుప్పపోసి కాల్చి, చిక్కటి పొగ పూర్తిగా ఆగాకే నీళ్లు చల్లి ఆర్పుతాం. అలా తయారైన బొగ్గే కోకు; అది వేస్తే పొయ్యిలో పొగ రాదు.

“ఇక కట్టెల పొగ ఉండదు, మీ దగ్గు తగ్గిపోతుంది అత్తయ్యా!” అని గొప్పలు పోయి, నాన్న పంపిన బస్తాలో సగం పెరట్లో అంటించాను. ఆరోజే మా ఇంట్లో ప్రార్థన కూటం. వంటకు ఆలస్యమవుతోందని, పొగ ఆగకముందే నీళ్లు గుమ్మరించాను.

తీరా పొయ్యి వెలిగిస్తే ఇల్లంతా పొగ. కోకు రాలేదు గానీ నా కోక నల్లబడింది. అత్తయ్య దగ్గుతూ కూలబడిపోయారు. కళ్లు తుడుచుకుంటూ పాస్టరుగారే ఆవిణ్ణి బయటికి నడిపించారు.

మర్నాడు మిగతా బొగ్గు అంటించాను. అత్తయ్య దూరంగా గుమ్మంలో కూర్చుని, “నేను చెప్పేదాకా చెంబు ముట్టుకున్నావో, చూడు!” అన్నారు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర ఆవిడ ఒక్కసారి కూడా దగ్గలేదు. నా మాట నిలబడింది, కాకపోతే ఒకరోజు ఆలస్యంగా.