జనంలోకి వెళ్ళొద్దన్నారు

గడప దాటకపోతే చాలనుకున్నాను, అదీ నా తెలివి. ఇంటర్ చదువుతుండగా జ్వరమొచ్చి తగ్గాక నా రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. "మళ్ళీ ఏదైనా అంటుకుంటే ప్రమాదం, జనంలోకి వెళ్ళొద్దు" అన్నారు తెనాలి డాక్టరుగారు. రేపల్లెలో మా ఇంట్లో మంచం దిగలేదు. కణాలు తగ్గాయిగానీ పరామర్శకొచ్చే బంధుగణాలు తగ్గలేదు. భట్టిప్రోలు మావయ్య నా పక్కనే కూర్చుని, దగ్గుతూ నా నుదురు తడిమాడు.

"ఇంత దగ్గుతో ఎందుకొచ్చావు మావయ్యా?"

"రాకపోతే మా అక్క ఊరుకుంటుందేంట్రా?"

రెండ్రోజులకే మళ్ళీ జ్వరం. ఆసుపత్రిలో సెలైన్ చుక్కలు చూస్తూ, బతుకుతానా అని బెంగపడ్డాను.

ఎలాగో కోలుకున్నాను. ఆ వేసవిలో మావయ్యకు జ్వరమొచ్చింది. అరటిపళ్ళతో వెళ్ళి, ఆయన మంచంమీదే కూర్చుని, ఆఖరి బస్సు వేళదాకా కబుర్లు చెప్పాను.

"కాస్త పడుకోనివ్వరా" అని మూలిగాడు.

"పలకరించకపోతే అమ్మ ఊరుకోదు మావయ్యా!" అన్నాను.